ఆర్కేడ్ క్యాబినెట్‌లో లైట్లు, సాలినాయిడ్లు: కంప్యూటర్‌కు ఏ బోర్డు తగిలించాలి?

1982లో గాట్లీబ్ కంపెనీ క్యూబర్ట్ అనే గేమ్ తెచ్చింది. అందులో నారింజ రంగు బొమ్మ పిరమిడ్ అంచు దాటి కింద పడితే, క్యాబినెట్ లోపల నిజంగానే 'ఠక్'మని దెబ్బ వినపడేది. గాట్లీబ్‌ది అసలు పిన్‌బాల్ మెషీన్ల వ్యాపారం, అంటే వాలు బల్ల మీద ఇనప బంతిని కొడుతూ ఆడే ఆట. ఆ మెషీన్లలో వాడే సాలినాయిడ్‌నే, అంటే కరెంటిస్తే లోపలి ఇనప ముక్కను గుంజి కొట్టే తీగచుట్ట (కాయిల్)నే తెచ్చి వీడియో గేమ్ లోపల బిగించారు. ఇప్పుడు అదే గేమ్‌ను కంప్యూటర్‌లో మేమ్ అనే ఎమ్యులేటర్ (పాత ఆర్కేడ్ గేమ్‌లను నడిపించే సాఫ్ట్‌వేర్) మీద ఆడితే మహా అయితే రికార్డు చేసిన శబ్దం స్పీకర్లోంచి వస్తుంది. కానీ 'ఇప్పుడు కొట్టాలి' అన్న సంకేతాన్ని మేమ్ ఇప్పటికీ బయటికి పంపుతూనే ఉంటుంది. అందుకుని కాయిల్‌కు కరెంటు ఇచ్చే బోర్డు మన దగ్గర ఉండదు, అంతే తేడా. 1979 నాటి ఆస్టరాయిడ్స్‌లో మిణుకుమనే స్టార్ట్ బటన్లు, డేటోనా యూఎస్‌ఏలో నాలుగు రంగుల వ్యూ బటన్లు, ఇవన్నీ ఇలా సంకేతాలుగా బయటికి వచ్చేవే.

ఇంట్లో క్యాబినెట్ కట్టుకునేవాళ్లు మొదట అడిగే ప్రశ్న 'ఏ బోర్డు కొనాలి?' అని. నన్నడిగితే అది మూడో ప్రశ్న. మొదటిది, మీరు వెలిగించాలనుకునేవి, కొట్టించాలనుకునేవి ఒక్కోటి ఎన్ని ఆంపియర్లు తాగుతాయి? రెండోది, ఆట మధ్యలో విండోస్ హ్యాంగ్ అయితే, ఆన్‌లో ఉండిపోయిన కాయిల్‌ను ఆపేది ఎవరు? ఈ రెండింటికీ జవాబు దొరికితే బోర్డు దానంతట అదే తేలిపోతుంది.

ముందు లెక్క

మామూలు ఎల్‌ఈడీకి 20 మిల్లీఆంపియర్లు చాలు. ఆర్జీబీ బటన్ అంటే లోపల ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు ఎల్‌ఈడీలు, అంటే బోర్డు మీద మూడు అవుట్‌పుట్‌లు. ఇద్దరు ఆటగాళ్లకు ఆరేసి బటన్లు పెట్టి అన్నీ ఆర్జీబీ చేస్తే 36 అవుట్‌పుట్‌లు కావాలి. 32 ఉన్న బోర్డు కొన్నాక ఈ లెక్క వేసుకుంటే లాభం లేదు.

ఎల్‌ఈడీ స్ట్రిప్ సంగతి వేరు. మార్కెట్లో ఎక్కువగా దొరికే 12 వోల్టుల 5050 రకం ఆర్జీబీ స్ట్రిప్ మీటరుకు 60 ఎల్‌ఈడీలతో వస్తుంది, మీటరుకు సుమారు 14.4 వాట్లు తీసుకుంటుంది. అంటే 1.2 ఆంపియర్లు, ఒక్కో రంగుకు 0.4. క్యాబినెట్ రెండు పక్కలా కలిపి మూడు మీటర్లు అతికిస్తే ఒక్కో రంగుకు 1.2 ఆంపియర్లు అవుతుంది. దీన్ని 500 మిల్లీఆంపియర్ల అవుట్‌పుట్‌కు నేరుగా తగిలిస్తే బోర్డు మీది చిప్ వేడెక్కి పోతుంది.

ఇక కాయిళ్లు. ఏదైనా కాయిల్ కొనేముందు మల్టీమీటర్ పెట్టి ఓమ్స్ చూడండి. అంతకన్నా నమ్మకమైన స్పెసిఫికేషన్ ఏదీ లేదు. అమెరికన్ పిన్‌బాల్ మెషీన్లలో 'నాకర్'గా, అంటే పెట్టెను ఠక్‌మని కొట్టడానికి వాడే ఏఈ-23-800 అనే కాయిల్ ఉంది. 23 అంటే తీగ గేజ్, 800 అంటే చుట్లు. దాని నిరోధం సుమారు 4.2 ఓమ్స్. 24 వోల్టులిస్తే 5.7 ఆంపియర్లు, అంటే 137 వాట్లు. అసలు మెషీన్లలో ఇచ్చినట్టు 50 వోల్టులిస్తే దాదాపు 12 ఆంపియర్లు. సెకనులో ఏ పదో వంతులోనో పని ముగించడానికి చేసిన కాయిల్ ఇది. అలాగే ఆన్‌లో వదిలేస్తే ఇస్త్రీపెట్టె అవుతుంది. కాసేపటికి చుట్టు మీది కాగితం రంగు మారుతుంది, వార్నిష్ వాసన వస్తుంది, ఆ తర్వాత ప్లాస్టిక్ బాబిన్ మెత్తబడి లోపలి ఇనప ముక్క ఇరుక్కుపోతుంది. దాని చుట్టూ ఉన్నది ప్లైవుడ్ పెట్టె అని మరిచిపోకూడదు.

ఆన్‌లైన్‌లో దొరికే చిన్న 12 వోల్టుల సాలినాయిడ్లు ఒకటి రెండు ఆంపియర్ల దగ్గర ఉంటాయి. వీటిలోనూ చాలావరకు క్షణకాలం వాడకానికే.

మధ్యలో ఇంకో రకం ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే: 24 వోల్టుల డీసీ కాయిల్ ఉన్న కాంటాక్టర్. పొలం మోటారు స్టార్టర్‌లో 'ఠప్'మని పడే వస్తువు మనకు కొత్త కాదు. ఆ చప్పుడే ఇక్కడ మనకు కావాల్సింది. దానితో ఏ మోటారునూ నడపం, కాంటాక్టులు ఖాళీగా వదిలేస్తాం. చిన్న సైజు కాంటాక్టర్ కాయిల్ మూడు నాలుగు వాట్లు మాత్రమే తీసుకుంటుంది, అంటే 24 వోల్టుల దగ్గర 150 మిల్లీఆంపియర్ల చుట్టుపక్కల. పైగా గంటల తరబడి ఆన్‌లో ఉండటానికే తయారు చేస్తారు కాబట్టి కంప్యూటర్ హ్యాంగైనా కాలిపోదు. వర్చువల్ పిన్‌బాల్ (బల్లకు బదులు తెర మీద ఆడే పిన్‌బాల్) కట్టే అమెరికా, యూరప్ వాళ్లు బంతిని కొట్టే ఫ్లిప్పర్లకు, తగిలిన బంతిని తన్నే బంపర్లకు ఏళ్ల తరబడి సీమెన్స్ కాంటాక్టర్లు వాడుతున్నది ఇందుకే. ఒక్క జాగ్రత్త: మోటారు స్టార్టర్లలో ఉండేవి 240 లేదా 415 వోల్టుల ఏసీ కాయిళ్లు, అవి పనికిరావు. ఫ్యాక్టరీ కంట్రోల్ ప్యానెళ్లలో వాడే 24 వోల్టుల డీసీ కాయిల్ రకం కావాలి. పాత ప్యానెళ్లు విప్పి అమ్మే చోట అడిగితే దొరుకుతాయి, కొనేటప్పుడు కాయిల్ మీది లేబుల్ చదవండి. ప్యానెళ్లలో వీటిని బిగించే లోహపు పట్టీ (డిన్ రైల్) మీద కాకుండా నేరుగా చెక్కకు స్క్రూ చేస్తే చప్పుడు బాగా పలుకుతుంది.

రెడీమేడ్ బోర్డులు

కొని, యూఎస్‌బీకి తగిలించి, వెంటనే ఆడుకోవాలనుకునేవాళ్లకు చాలాకాలంగా ఉన్న పేరు ఎల్‌ఈడీ-విజ్. 32 అవుట్‌పుట్‌లు, ఒక్కోటి 500 మిల్లీఆంపియర్ల వరకు, వెలుగు 49 మెట్లలో మార్చుకోవచ్చు. అల్టిమార్క్ కంపెనీది ప్యాక్‌డ్రైవ్, 16 అవుట్‌పుట్‌లు. ఇందులో ఆన్, ఆఫ్ తప్ప వెలుగు తగ్గించడం ఉండదు. అదే కంపెనీది ప్యాక్‌ఎల్‌ఈడీ64, 64 అవుట్‌పుట్‌లు, 256 మెట్ల వెలుగు. కానీ ఇది ఒక్కో అవుట్‌పుట్‌కు ఒక్కో ఎల్‌ఈడీ కోసం చేసింది. రెసిస్టర్ గొడవ లేకుండా కరెంటును తానే అదుపు చేస్తుంది. 64ను మూడుతో భాగిస్తే 21 ఆర్జీబీ బటన్లు. పైన చెప్పిన 36 అవుట్‌పుట్‌ల క్యాబినెట్‌కు ఇది సరిగ్గా సరిపోతుంది, స్టార్ట్, కాయిన్ బటన్లు పెట్టుకున్నా ఇంకా మిగులుతాయి. దీనికి సాలినాయిడ్ తగిలించే ఆలోచన మాత్రం వద్దు.

ఫైటింగ్ గేమ్‌ల క్యాబినెట్ కట్టి, బటన్ లైట్లు తప్ప ఇంకేమీ అక్కర్లేదనుకుంటే ప్యాక్‌ఎల్‌ఈడీ64, దానికి తోడు ఎల్‌ఈడీబ్లింకీ సాఫ్ట్‌వేర్. ఇంతకన్నా ఆలోచించాల్సింది లేదు. ఆ గేమ్‌లో ఏ బటన్లు పనిచేస్తాయో అవే వెలుగుతాయి, నాలుగు దిక్కుల జాయ్‌స్టిక్ తప్ప ఇంకేం లేని ప్యాక్‌మ్యాన్ పెడితే మిగతావి ఆరిపోతాయి. ఇంటికొచ్చిన పిల్లలకు ఏది నొక్కాలో చెప్పాల్సిన పని తప్పుతుంది. సాఫ్ట్‌వేర్‌కు లైసెన్స్ డబ్బులు కట్టాలి. బోర్డు విదేశాల నుంచి తెప్పించాలి కాబట్టి కొరియర్, కస్టమ్స్ కలిపి చూసుకోండి. బోర్డు ధరకు అవి సగం తోడవడం మామూలే. అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న మనవాళ్లు వస్తుంటే చెప్పి తెప్పించుకునే జాబితాలో పెట్టదగ్గ వస్తువు.

ఎల్‌ఈడీ-విజ్ మీద నా అభిప్రాయం కొంచెం వేరు. దాని బలం వాడుకలో ఉంది. ఏ పాత సాఫ్ట్‌వేర్ అయినా దాన్ని గుర్తుపడుతుంది. కాంటాక్టర్లను నేరుగా నడపగలదు. కానీ స్ట్రిప్‌లకు, నాకర్‌కు ఎక్కువ కరెంటు ఇచ్చే బూస్టర్ బోర్డు వేరే కావాలి. ఆ బూస్టర్ ధర కూడా కలిపాక, తర్వాత చెప్పబోయే దారి దానికంటే తక్కువలో ఎక్కువ ఇస్తుంది. కొత్తగా కొనేవాళ్లకు నేను దీన్ని సిఫారసు చేయను. ఎవరైనా పాతది అమ్ముతుంటే తీసుకోండి.

నీలం డబ్బాల రిలే బోర్డు

ఎనిమిది నీలం రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లు) వరసగా ఉండే యూఎస్‌బీ బోర్డు చూడగానే 'పది ఆంపియర్లు అని రాసుందిగా, ఇదే చాలు' అనిపిస్తుంది. ఎఫ్‌టీ245ఆర్‌ఎల్ చిప్ ఉన్న రకాన్ని పిన్‌బాల్ సాఫ్ట్‌వేర్ నేరుగా గుర్తుపడుతుంది కూడా. ఫ్యాన్, తిరిగే ఎర్ర లైట్, క్యాబినెట్‌ను అదిరించే షేకర్ మోటార్ లాంటి, నిమిషానికి ఏ రెండు మూడుసార్లో పడే వాటికి ఇది నిజంగానే చాలు. చవక, దెబ్బతింటే రిలే మార్చుకోవచ్చు.

కాయిళ్లకు మాత్రం వద్దంటాను. రిలే పడటానికే కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. దాని సొంత 'టిక్' శబ్దం అసలు దెబ్బకు ముందే చెవిన పడుతుంది. వెలుగు తగ్గించడం, బలం తగ్గించడం కుదరదు. కాయిల్ లాంటి డీసీ లోడ్‌ను తెంచినప్పుడల్లా కాంటాక్టుల మధ్య స్పార్క్ వస్తుంది, కొన్నాళ్లకు అవి అతుక్కుపోతాయి. అతుక్కున్న రిలే అంటే ఆన్‌లో ఉండిపోయిన కాయిల్. పైగా ఇంకో చిన్న చిక్కు: 5 వోల్టుల రిలే కాయిల్ ఒక్కోటి 70 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. ఎనిమిదీ ఒకేసారి పడితే 560 అవుతుంది, యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500. అందుకే విడిగా పవర్ సప్లై పెట్టే సాకెట్ ఉన్న బోర్డే తీసుకోండి.

కేఎల్25జెడ్, పీకో: ఎక్కువమందికి సరైన దారి

వర్చువల్ పిన్‌బాల్ వాళ్ల ప్రపంచాన్ని మార్చింది పిన్‌స్కేప్ అనే ఉచిత ఫర్మ్‌వేర్, అంటే బోర్డు లోపలే నడిచే సాఫ్ట్‌వేర్. మొదట ఇది కేఎల్25జెడ్ అనే డెవలప్‌మెంట్ బోర్డు మీద వచ్చింది. 48 మెగాహెర్ట్జ్ చిప్, బోర్డు మీదే కదలికను పసిగట్టే యాక్సెలరోమీటర్. క్యాబినెట్‌ను చేత్తో నెడితే తెర మీది బంతి పక్కకు జరగడానికి ఆ యాక్సెలరోమీటరే కారణం. అదే బోర్డు బటన్లను చదువుతుంది, బంతిని వదలడానికి లాగే ప్లంజర్‌ను చదువుతుంది, లైట్లనూ కాయిళ్లనూ నడిపిస్తుంది, కంప్యూటర్‌కు ఎల్‌ఈడీ-విజ్ లాగా కనపడుతుంది. ఇన్ని పనులు ఒక్క యూఎస్‌బీ తీగ మీద జరిగిపోతాయి.

ఇప్పుడు కేఎల్25జెడ్ దొరకడం కష్టం, దొరికినా పాత ధరకు రాదు. పిన్‌స్కేప్‌కు పీకో వెర్షన్ వచ్చాక దాని కోసం వెతకాల్సిన అవసరమూ తగ్గింది. ర్యాస్ప్‌బెర్రీ పై పీకో 2021 జనవరిలో నాలుగు డాలర్లకు వచ్చిన బోర్డు, మన దగ్గరా కొన్ని వందల రూపాయల్లో ఎక్కడైనా దొరుకుతుంది. యాక్సెలరోమీటర్ విడిగా పెట్టుకోవాలి. వాడుకోగలిగిన పిన్నులు 26 మాత్రమే. ఎక్కువ అవుట్‌పుట్‌లు కావాలంటే పీసీఏ9685 లాంటి, ఒక్కోటి 16 అవుట్‌పుట్‌లిచ్చే చిన్న బోర్డులు జత చేసుకోవచ్చు. సర్వో మోటార్ల కోసం రోబోటిక్స్ షాపుల్లో అమ్మేవే అవి.

నేను ఈ దారి వైపు మొగ్గడానికి కారణం ధర కాదు. మొదట్లో అడిగిన రెండో ప్రశ్నకు జవాబు ఇందులో ఉంది. పిన్‌స్కేప్‌లో ఫ్లిప్పర్ లాజిక్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. ఏ అవుట్‌పుట్‌కు అది పెడితే, ఆ కాయిల్‌కు ముందు పూర్తి బలం ఇచ్చి, మీరు చెప్పిన మిల్లీసెకన్లు దాటగానే బలాన్ని తగ్గించేస్తుంది లేదా పూర్తిగా ఆపేస్తుంది. ఇది జరిగేది బోర్డులో, కంప్యూటర్‌లో కాదు. విండోస్ ఆగిపోయినా బోర్డులోని గడియారం ఆగదు. ఎల్‌ఈడీ-విజ్‌లో, రిలే బోర్డులో ఈ సదుపాయం లేదు. డైరెక్ట్ అవుట్‌పుట్ ఫ్రేమ్‌వర్క్‌లో, అంటే వర్చువల్ పిన్‌బాల్ వాళ్లు డీఓఎఫ్ అని పిలిచే సాఫ్ట్‌వేర్‌లో, గరిష్ఠ సమయం పెట్టుకోవచ్చు నిజమే. కానీ ఆగిపోయేది ఆ సాఫ్ట్‌వేరే అయినప్పుడు దాని హామీకి విలువ లేదు.

ఇంకోటి, నైట్ మోడ్. ఒక్క స్విచ్‌తో చప్పుడు చేసే అవుట్‌పుట్‌లన్నీ ఆగిపోతాయి, లైట్లు మాత్రం నడుస్తాయి. అపార్ట్‌మెంట్లో రాత్రి పదకొండింటికి కింది ఫ్లాట్ వాళ్ల పైకప్పు మీద నాకర్ మోగించే ధైర్యం ఎవరికైనా ఉంటే ఇది అక్కర్లేదు.

ఇబ్బంది ఏమిటంటే, ఈ బోర్డుల పిన్నులు కొన్ని మిల్లీఆంపియర్లే ఇస్తాయి, అదీ 3.3 వోల్టుల దగ్గర. ఒక ఎల్‌ఈడీని మించి నేరుగా దేన్నీ నడపలేవు. కాబట్టి మధ్యలో డ్రైవర్ సర్క్యూట్ మీరే కట్టుకోవాలి. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం రాకపోతే, ఇష్టం లేకపోతే, రెడీమేడ్ దారే మీది.

ఆర్డుయినోతో సొంతంగా

పిన్‌బాల్ కాదు, మేమ్ గేమ్‌లు మాత్రమే, క్యూబర్ట్‌లో ఒక నాకర్, నాలుగు లైట్లు చాలు అనుకునేవాళ్లకు ఆర్డుయినో (మనమే ప్రోగ్రామ్ రాసుకునే చిన్న బోర్డు) హాయిగా ఉంటుంది. మేమ్‌లో అవుట్‌పుట్ సెట్టింగ్‌ను నెట్‌వర్క్ అని పెడితే సంకేతాలన్నీ కంప్యూటర్‌లోని 8000 నంబరు పోర్టు మీద మామూలు అక్షరాల్లో వస్తాయి. పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసి వాటిని చదివి, సీరియల్ మీద ఆర్డుయినోకు పంపాలి. కోడ్ రాసేవాళ్లకు ఒక ఆదివారం పని.

స్కెచ్‌లో, అంటే ఆర్డుయినోలో నడిచే ప్రోగ్రామ్‌లో, రెండు నియమాలు తప్పనిసరి. కంప్యూటర్ ఏమి చెప్పినా కాయిల్ 50 మిల్లీసెకన్లకు మించి ఆన్‌లో ఉండకూడదు. కంప్యూటర్ నుంచి సెకనుపాటు ఏ కబురూ రాకపోతే అన్నీ ఆఫ్ అయిపోవాలి. ఇందుకోసం మీ ప్రోగ్రామ్ ఏమీ లేనప్పుడు కూడా 'ఉన్నాను' అని అప్పుడప్పుడు పంపుతుండాలి. ఇంకో సంగతి, ఆర్డుయినో ఊనో బోర్డు సీరియల్ పోర్టు తెరిచిన ప్రతిసారీ రీసెట్ అవుతుంది, ఆ కాసేపు పిన్నులు గాల్లో వేలాడుతుంటాయి. అందుకే ప్రతి మాస్‌ఫెట్ (కాయిల్ కరెంటును ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్) గేట్‌కూ, అంటే బోర్డు సంకేతం అందుకునే కాలుకూ, గ్రౌండ్‌కూ మధ్య 10 కిలోఓమ్స్ రెసిస్టర్ ఉండాలి. అది లేకపోతే కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా కాయిల్ తనంతట తానే ఒకసారి కొడుతుంది.

పాత కంప్యూటర్ల ప్రింటర్ పోర్టుతో చేసే పద్ధతి ఇంకా కొన్ని చోట్ల కనిపిస్తుంది. ఎనిమిది డేటా పిన్నులు, ఒక డ్రైవర్ చిప్, అంతే. కొత్త కంప్యూటర్లలో ఆ పోర్టే లేదు కాబట్టి వదిలేయండి.

డబ్ల్యూఎస్2812బీ రకం స్ట్రిప్, అంటే ఒక్కో ఎల్‌ఈడీ విడివిడిగా రంగు మార్చేది, ఎల్‌ఈడీ-విజ్, ప్యాక్‌ఎల్‌ఈడీ64, రిలే బోర్డులతో నడవదు. దానికి టీన్సీ లేదా వీమోస్ లాంటి బోర్డు వేరేగా పెట్టాలి. డీఓఎఫ్ రెండింటినీ గుర్తుపడుతుంది. చూడటానికి కన్నుల పండుగే కానీ పూర్తి తెలుపులో ఒక్కో ఎల్‌ఈడీ 60 మిల్లీఆంపియర్లు, మీటరుకు 60 ఉంటే 3.6 ఆంపియర్లు, అదీ 5 వోల్టుల దగ్గర. సన్న తీగతో ఒక చివర మాత్రమే కరెంటిస్తే అవతలి చివర తెలుపు కాస్తా పసుపుగా కనపడుతుంది. రెండు చివరలా ఇవ్వండి.

బోర్డుకూ కాయిల్‌కూ మధ్య

ఏ బోర్డు తీసుకున్నా కాయిల్ కాలడం, కాలకపోవడం తేలేది ఇక్కడే.

అర ఆంపియర్ లోపు వాటికి, కాంటాక్టర్లతో సహా, యూఎల్‌ఎన్2803 చిప్ చాలు. ఎనిమిది అవుట్‌పుట్‌లు, ఒక్కోటి 500 మిల్లీఆంపియర్లు, 50 వోల్టుల వరకు, రక్షణ డయోడ్లు లోపలే ఉంటాయి. కామన్ పిన్నును కాయిల్ పవర్ సప్లై ప్లస్‌కు కలిపితేనే ఆ డయోడ్లు పనిచేస్తాయి. ఎనిమిదింటినీ ఒకేసారి పూర్తి అర ఆంపియర్ దగ్గర నడపకండి, చిప్ మొత్తంగా అంత వేడి భరించలేదు.

అంతకు మించితే మాస్‌ఫెట్. కోఠి గుజరాతీ గల్లీలో 'జెడ్44 ఇవ్వండి' అంటే చేతిలో పెట్టేది ఎక్కువగా ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్. అది పూర్తిగా తెరుచుకోవడానికి గేట్ మీద 10 వోల్టులు కావాలి. ఆర్డుయినో ఇచ్చే 5 వోల్టులతో సగం తెరుచుకుని, సాలినాయిడ్ బదులు తాను వేడెక్కుతుంది. 5 వోల్టులతో నడపాలంటే 'ఎల్' ఉన్నది, ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్, అడగాలి. పీకో 3.3 వోల్టులకు అది కూడా నమ్మకం కాదు. అప్పుడు పీసీ817 ఆప్టోకప్లర్ (సంకేతాన్ని వెలుగు ద్వారా అవతలికి దాటించే చిప్) మధ్యలో పెట్టి, గేట్‌కు 12 వోల్టులు అందేలా కడితే మొదటి చవక మాస్‌ఫెట్టే చక్కగా పనిచేస్తుంది. పైగా కాయిల్ వైపు ఏదైనా పేలినా కంప్యూటర్ దాకా రాదు. నా ఓటు దీనికే. ఈ రెండు మాస్‌ఫెట్లూ 55 వోల్టుల రకం కాబట్టి 24 వోల్టులకు సరే, 48 వోల్టుల నాకర్ పెట్టేవాళ్లు 100 వోల్టుల ఐఆర్‌ఎఫ్540ఎన్ తీసుకోండి.

ప్రతి కాయిల్ మీదా ఒక 1ఎన్4007 డయోడ్ తలకిందులుగా, గీత ఉన్న వైపు ప్లస్‌కు. కాయిల్ ఆగిన క్షణంలో పుట్టే ఎదురు వోల్టేజీని అది మింగుతుంది. ఇది లేని సర్క్యూట్లో మాస్‌ఫెట్ పోవడం ఒక సంగతి, ఆట మధ్యలో యూఎస్‌బీ పరికరాలన్నీ టింగుమని ఊడి మళ్లీ కలవడం ఇంకో సంగతి. రెండో దాన్ని చాలామంది డ్రైవర్ సాఫ్ట్‌వేర్ సమస్య అనుకుని వారాల తరబడి ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చుంటారు.

మాస్‌ఫెట్ చచ్చిపోయేటప్పుడు సాధారణంగా షార్ట్ అయి చచ్చిపోతుంది, అంటే ఆన్‌లోనే ఉండిపోతుంది. అప్పుడు పిన్‌స్కేప్ గడియారం కూడా ఏమీ చేయలేదు. మిగిలేది ఫ్యూజ్ ఒక్కటే. ఇక్కడ ఒక చిట్కా ఉంది. కాయిల్ కరెంటు 5.7 ఆంపియర్లు కదా అని 6 ఆంపియర్ల ఫ్యూజ్ వేస్తే అది ఎప్పటికీ పోదు, కాయిలే పోతుంది. 2 ఆంపియర్ల స్లో-బ్లో ఫ్యూజ్ వేయండి. ముప్పై నలభై మిల్లీసెకన్ల దెబ్బలను అది పట్టించుకోదు, కాయిల్ ఆన్‌లో ఉండిపోతే మాత్రం కొన్ని సెకన్లలో తెగిపోతుంది. నాకర్‌కు ఒక ఫ్యూజ్, సాలినాయిడ్లకు విడివిడిగా. అందరికీ కలిపి ఒకటి కాదు.

కాయిళ్లకు 24 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ పవర్ సప్లై విడిగా పెట్టండి, కంప్యూటర్ పవర్ సప్లై నుంచి లాగొద్దు. దాన్ని కంప్యూటర్ ఆన్ అయ్యాకే ఆన్ అయ్యేలా, కంప్యూటర్ 12 వోల్టులతో పడే ఒక రిలే ద్వారా ఇవ్వండి. రిలే బోర్డు వద్దన్న నేనే ఈ పనికి రిలేను మించింది లేదంటాను. ఆ రిలే తెంచేది 230 వోల్టుల వైపు కాబట్టి అక్కడి పని మాత్రం ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. ఆప్టోకప్లర్ లేకుండా కట్టినవాళ్లు రెండు సప్లైల మైనస్‌లు కలపడం మరవొద్దు. కాయిళ్లకు 1 స్క్వేర్ ఎంఎం వైరు, ఎల్‌ఈడీలకు సన్నది చాలు.

మరి ఎవరికి ఏది

బటన్ లైట్లు మాత్రమే అయితే ప్యాక్‌ఎల్‌ఈడీ64. లైట్లతో పాటు ఒక నాకర్ కావాలి, కోడ్ రాయడం వచ్చు అనుకుంటే ఆర్డుయినో, ఒక మాస్‌ఫెట్. పూర్తి పిన్‌బాల్ క్యాబినెట్ అయితే పీకో మీద పిన్‌స్కేప్, బంపర్లకూ ఫ్లిప్పర్లకూ కాంటాక్టర్లు, నాకర్ ఒక్కదానికే అసలు కాయిల్. అన్నిటికీ అసలు కాయిళ్లే పెట్టాలని ఉబలాటపడేవాళ్లున్నారు, చప్పుడు అద్భుతంగా ఉంటుంది, కాదనను. పది కాయిళ్లకు పది ఫ్యూజులు, పెద్ద పవర్ సప్లై, దానికి తగ్గ బెంగ కూడా ఉంటాయి.

అద్దె ఇంట్లో, పై అంతస్తులో ఉంటే అసలు కాయిళ్ల జోలికే వెళ్లకండి. 7.1 సౌండ్ కార్డు, క్యాబినెట్ నాలుగు మూలలా చెక్కకు అతికించే ఎక్సైటర్ స్పీకర్లు పెడితే విజువల్ పిన్‌బాల్ సాఫ్ట్‌వేరే ఏ మూల దెబ్బ తగిలితే ఆ మూల అదురు పుట్టిస్తుంది. వాల్యూమ్ తగ్గించుకునే వీలుంటుంది. కాయిల్‌కు ఆ వీలు లేదు.

ఏ దారిలో వెళ్లినా కాయిల్‌ను మొదటిరోజే తగిలించవద్దు. దాని చోట 24 వోల్టుల లారీ ఇండికేటర్ బల్బు పెట్టండి, ఆటో స్పేర్ పార్ట్స్ షాపులో దొరుకుతుంది. గేమ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో దాన్ని బలవంతంగా మూసేయండి, యూఎస్‌బీ తీగ లాగేయండి, కంప్యూటర్‌ను పవర్ బటన్ నొక్కిపట్టి ఆపండి, మళ్లీ ఆన్ చేయండి. ఈ నాలుగింటిలో ఎప్పుడైనా బల్బు వెలిగి అలాగే ఉండిపోతే, తప్పు ఎక్కడుందో దొరికేదాకా కాయిల్‌ను డబ్బాలోనే ఉంచండి.